ఆటలలోని బాలుర కట్టడములు – వాని సంరక్షణము

బాలుర యాటలను గూర్చి పెద్దలు సాధారణముగా రెండే ప్రశ్నలు వేయుదురు: ఎంతసేపు ఆడిరి, చదువునకు భంగము కలిగినదా యని. మేమిక్కడ మూడవ ప్రశ్న నొకదానిని ముందుంచదలచితిమి. ఆటను నడపు కంపెనీ తన సర్వరును మూసివేసిననాడు, ఆ యాటలో బాలురు స్వయముగా నిర్మించినవి యేమి కావలెను?

విషయ మెఱుగని తల్లిదండ్రుల కొఱకు కొంత వివరింతుము. అనేక వీడియో ఆటలలో కంపెనీవారు చేసి యిచ్చినదానినే యాడవలెను. కొన్నిటిలో మాత్రము ఆడువాడే శిల్పి. ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డు పట్టణమున మీడియా మాలిక్యూల్ అను సంస్థ నిర్మింపగా, 2008లో సోనీ కంపెనీ వెలువరించిన 'లిటిల్ బిగ్ ప్లానెట్' అట్టిది. అందు ఆడువారు వంతెనలు, యంత్రములు, కథలు కూర్చి, లెవెలు లనబడు ఘట్టములుగా కట్టి, సర్వరునకు పంపుచుండిరి. లోకమునందలి యితరులు వానిని తెచ్చుకొని యాడుచుండిరి. ఇట్టి ఘట్టములు లక్షలకొలది పోగుపడినవి.

2021 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 3 యంత్రములకై యున్న సర్వరులు మూతపడెను. ప్లేస్టేషన్ 4కై మిగిలినవి 2024 జనవరిలో సాంకేతిక లోపముచే నిలిచిపోయి, మరల తెఱువబడవని ఆ యేప్రిలులో తెలుపబడెను. తమ యంత్రములో ముందే దాచుకొన్న ఘట్టములు మాత్రము ఆడువారికి మిగిలినవి. తక్కినవానిని కంపెనీ ద్వారమున పొందు మార్గము లేకపోయెను.

జపాను దేశపు నింటెండో కంపెనీ 2015లో వెలువరించిన 'సూపర్ మారియో మేకర్' విషయము కొంత మేలు. తాను కట్టిన ఘట్టమును తానే గెలిచి చూపినగాని ఇతరులకు పంపరాదను నియమ మందుండెను. క్రొత్తవానిని పంపుట 2021 మార్చి 31తో నిలిచెను; సర్వరు 2024 ఏప్రిల్ 8న మూతపడెను. ఈ మూతను 2023 అక్టోబరులోనే ప్రకటించిరి. గడువు తెలిసిన యభిమానులు, ఎవ్వరును గెలువని ఘట్టము ఒక్కటియు మిగులరాదని పట్టుబట్టి, దేశదేశములనుండి కూడి, గడువులోపలనే ఆ పని నెఱవేర్చిరి. ముందుగా తెలుపుటవలన నెంత మేలో దీనివలన స్పష్టము.

సర్వరు కంపెనీ సొత్తు. దానికి విద్యుత్తు, పనివారి జీతములు, నిత్యపు కాపలా కావలెను. ఆడువారు తగ్గిన పిదప దానిని నిరంతరము నడుపుడని యెవ్వరును నిర్బంధింపలేరు. ఇంతవఱకు కంపెనీల వాదము న్యాయమే. అయితే ఇల్లు పడగొట్టు హక్కు యజమానికున్నను, అద్దెకున్నవాని పెట్టెను మట్టిలో కలుపు హక్కు లేదు. షరతుల కొప్పుకొంటిరి గదా యని యందురేమో! పండ్రెండేండ్ల బాలుడు చదువక యొక మీట నొక్కినంతమాత్రమున, నెలలకొలది వాడు పడిన శ్రమ దిక్కులేనిది కాజాలదు. ఘట్టములోని బొమ్మలు కంపెనీవి కావచ్చును. వాని కూర్పు మాత్రము బాలుని బుద్ధిది.

అందు పనికిమాలినవే యెక్కువ గదా యను నాక్షేపణయు కలదు. ఏది నిలువదగినదో సమకాలికులు తేల్చుట కష్టము. వేమన పద్యములను పండితు లంతగా మన్నింపని దినములలో సి. పి. బ్రౌనుదొర ప్రతులు సేకరించి 1829లో అచ్చువేయించెను. ముందు సేకరణము, పిదప విమర్శ. ఈ క్రమమే క్షేమకరము.

ఇది అసాధ్యమైన పని కాదు. 2009లో యాహూ కంపెనీ జియోసిటీస్ అను తన గృహపుటల నిలయమును మూసినపుడు, స్వచ్ఛందసేవకులును, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అను గ్రంథాలయమువారును అందలి పుటలను పెక్కింటిని నిలిపిరి. 2012 నవంబరులో మూతపడిన 'సిటీ ఆఫ్ హీరోస్' అను నాటను నడుపుకొనుటకు, 2024 జనవరిలో ఆ కంపెనీయే అభిమానుల కనుమతి నిచ్చెను. మనస్సున్నచో మార్గమున్నది.

కావున కంపెనీలు మూడు పనులు చేయవలెనని మా యభిప్రాయము. మూతకు ఒక్క యేడాదియైన ముందు తెలుపవలెను. ఎవరు కట్టినది వారు తీసికొనిపోవుటకు సులభమైన యుపాయ మేర్పఱుపవలెను. మిగిలినదానిని, బాలుర పేళ్లను వ్యక్తిగత వివరములను తొలగించి, ఒక గ్రంథాలయమున కప్పగింపవలెను.

అంతవఱకు మన జాగ్రత్త మనకుండవలెను. విద్యార్థులారా! మైన్‌క్రాఫ్టు మొదలగు వానిలో మీ కంప్యూటరునందే నిలుచు లోకములకు ప్రతులు తీసి రెండు చోట్ల నుంచుడు. పరుల సర్వరుపై కట్టినవానికి చిత్రములైనను తీసి, ఎప్పుడు, ఎవరితో కూడి కట్టితిరో వ్రాసియుంచుడు. తల్లిదండ్రులారా! పాత యంత్రము నమ్మివేయుటకు ముందు, అందేమి దాచుకొన్నారో పిల్లల నడుగుడు. చిత్రలేఖనపు పుస్తకమును చించివేయుటకు ముందు మీరొకమాఱు తెఱచి చూతురు గదా! ఇదియు నట్టిదే.