ముందు రాజీ... తర్వాతే కానుక!

వరంగల్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. కాజీపేట ఫాతిమానగర్ కథెడ్రల్ దాని ప్రధాన ఆలయం. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు క్యాథలిక్కులకు ఆగమన కాలం. కొత్తబట్టలు, కేకులు సరే... అసలు పని పాపసంకీర్తనం.

అన్నతో మాటల్లేవా? కానుకను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి రాజీపడమంటుంది మత్తయి సువార్త ఐదో అధ్యాయం. ఆమాటకొస్తే క్రిస్మస్ కథే విడిపోబోయిన జంటది! మరియ గర్భవతి అని తెలిసి, గుట్టుగా విడిచిపెట్టేద్దామనుకున్నాడు యోసేపు. కలలో దేవదూత చెప్పాకే ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు.

అలాగని, కొట్టే భర్తను పండగపూట సర్దుకుపొమ్మనడం విశ్వాసం కాదు. తీవ్రమైన ముప్పుంటే వేరుగా ఉండొచ్చని క్యాథలిక్ చర్చి చట్టంలోని 1153వ సూత్రమే చెబుతోంది. 2005 నాటి గృహహింస చట్టమూ అండగా ఉంది.

పంతంతో ఆగిన మాటల సంగతి వేరు. అక్కడ ఎవరో ఒకరు ముందు ఫోన్ చేయాలి. 24 రాత్రి పూజకు బయల్దేరేలోపు చేసినా చాలు.