టీకా భయం: నవ్వితే పోయేది కాదు

2021 జనవరి 16న మన దేశంలో కరోనా టీకాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో జుమా నమాజు ముగించుకుని వస్తుంటే మా మొహల్లాలోని ఒక ముసలమ్మ నన్ను ఆపింది. "మౌల్వీ సాబ్, ఆ సూదిలో పంది కొవ్వు ఉందట. వేయించుకోవచ్చా?" పక్కనున్న చదువుకున్న కుర్రాళ్లు నవ్వారు. హరాం, హలాల్ చూసుకుని ముద్ద నోట పెట్టుకునే మనిషి, ఒంట్లోకి ఎక్కించే మందు గురించి అడిగితే తప్పేముంది?

ఉలమాలు ఈ ప్రశ్నను తేలికగా తీసుకోలేదు. పంది జెలటిన్ ఉన్నా, ప్రాణరక్షణకు వేరే దారి లేనప్పుడు టీకా వేయించుకోవచ్చని 2020 డిసెంబరులోనే అరబ్ ఎమిరేట్స్ ఫత్వా మండలి చెప్పింది. ముసలమ్మకు ఆ మాటే చెప్పాను. మార్చిలో ఇండోనేషియా ఉలమా మండలి ఇంకా నిక్కచ్చిగా మాట్లాడింది. ఆస్ట్రాజెనెకా టీకా తయారీలో పంది నుంచి తీసిన ఎంజైము వాడారు కనుక అది హరామేనని, అయినా జరూరత్ వల్ల వాడుకోవచ్చని తీర్పునిచ్చింది. తాము అలాంటిదేమీ వాడలేదని కంపెనీ ఖండించింది. మన దగ్గర కోవిషీల్డ్ పేరుతో వేసింది ఆ టీకానే.

ఈ బెంగ మనకొక్కరికే అనుకోవద్దు. హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌లో లేగదూడ సీరం ఉందని జూన్‌లో దుమారం లేచింది. కణాలను పెంచడానికే దాన్ని వాడతారని, తయారైన టీకాలో అది ఉండదని కేంద్ర ఆరోగ్య శాఖ వివరించవలసి వచ్చింది.

మతంతో పనిలేని భయాలూ ఉన్నాయి. మూడవ దశ పరీక్షలు ముగియకముందే, జనవరి 3న కోవాగ్జిన్‌కు అనుమతి ఇచ్చారు. మొదట్లో వేయించుకున్న వారిచేత అంగీకార పత్రంపై సంతకాలు తీసుకున్నారు. 77.8 శాతం పనిచేస్తుందన్న లెక్కను కంపెనీ జూలైలో ప్రకటించింది. కాగితం మీద సంతకం పెట్టమంటే పేదవాడు బెదరడా? ఉర్దూ పత్రికలు చదివేవారికి అబోటాబాద్ సంగతీ గుర్తుంటుంది. 2011లో బిన్ లాడెన్ జాడ కోసం అమెరికా గూఢచారి సంస్థ అక్కడ హెపటైటిస్ టీకాల నాటకం ఆడించింది. ఆ తర్వాత పాకిస్తాన్‌లో పోలియో చుక్కలు వేసే ఆడపిల్లలు తుపాకీ గుళ్లకు బలయ్యారు. టీకా మీద నమ్మకాన్ని తాకట్టు పెట్టింది ఒకరు, మూల్యం చెల్లించింది మరొకరు.

చెడు ఫలితాలు అసలే లేవని దబాయించడం కూడా పొరపాటే. కోవిషీల్డ్ వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు 10 లక్షల డోసులకు 0.61 అని 2021 మేలో ప్రభుత్వ నిపుణుల సంఘం తెలిపింది. కరోనా ప్రాణాలు తీస్తున్న ఆ నెలల్లో ఈ అంకె ఎంత చిన్నదో మసీదులోనే చెప్పవచ్చు. నేను చెప్పాను, ఎవరూ పారిపోలేదు.

ముసలమ్మ మార్చిలోనే, 60 దాటినవారి వంతు రాగానే, మనవడి చేయి పట్టుకుని వెళ్లి వేయించుకుంది. మే నెలలో 18 దాటినవారి వంతు వచ్చింది. అప్పుడు నవ్విన కుర్రాళ్లలో ఇద్దరు చాటుగా నా దగ్గరకు వచ్చారు. "హజ్రత్, ఇది వేయించుకుంటే పిల్లలు పుట్టరట కదా?" పోలియో చుక్కల కాలంలోనూ ఉత్తరప్రదేశ్‌లో ఈ పుకారే ఇల్లిల్లూ తిరిగిందని, ఆ చుక్కలు పడిన పిల్లలే ఇప్పుడు తల్లిదండ్రులయ్యారని చెప్పి, వాళ్లను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను.