పరుపు తర్వాత... ముందు గేరు చూడండి!

కండ్లకోయ దగ్గర ఔటర్ రింగురోడ్డు, నాగ్‌పూర్ హైవే కలిసేచోట కాసేపు నిలబడితే చాలు. కిటికీలకు తెరలు, పైన సామాను, లోపల పిల్లల గోలతో యాత్రలకు వెళ్లే టెంపో ట్రావెలర్లు వరసగా కనిపిస్తాయి. అలాంటి బండిలోనే నాలుగు సీట్లు పీకేసి పరుపు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, చిన్న ఫ్రిజ్ పెడితే అదే మోటార్‌హోమ్. ఇల్లులా తయారై కంపెనీ నుంచే వచ్చేవి మన దగ్గర తక్కువ. సెకండ్‌హ్యాండ్‌లో దొరికేవి చాలావరకూ ఇలా మార్చినవే. చిక్కు కూడా అక్కడే. ఇల్లేమో కొత్తది, ఇంజినేమో పాతది!

కొనడానికి వెళ్లిన కుటుంబం ముందు లోపలికే ఎక్కుతుంది. పరుపు నొక్కి చూస్తుంది, ఫ్రిజ్ తలుపు తీస్తుంది. అమ్మేవాళ్లకు కావలసిందీ అదే. ఆ సోకులన్నీ లక్షలోపు మళ్లీ చేయించుకోవచ్చేమో కానీ ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ విప్పాల్సి వస్తే పర్సు ఖాళీ.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లాలి. బానెట్ ఎత్తి ఇంజిన్‌మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, మీరొచ్చేలోపే ఒకసారి స్టార్ట్ చేశారన్నమాట. మర్నాడు వస్తామని చెప్పి రావడమే మేలు. చల్లటి ఇంజిన్ ఒకట్రెండు సెల్ఫులకు అందుకోవాలి. మొదట్లో కాస్త పొగ వస్తే కంగారక్కర్లేదు. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలిపోతోంది, అంటే ఇంజిన్ బోరుకొచ్చిందేమో చూపించుకోవాలి. తెల్ల పొగ ఆగకపోతే రేడియేటర్ నీళ్లు లోపలికి పోతున్నాయని అనుమానం. నల్ల పొగ కొంత నయం... ఎయిర్ ఫిల్టరో, ఇంజెక్టర్లో కావచ్చు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసినప్పుడు ఆవిరి గుప్పుగుప్పున తన్నుకొస్తే రింగులు అరిగినట్టే.

మీటరు తిరిగిన కిలోమీటర్లను మరీ నమ్మొద్దు. ఏసీ కోసం ఆగినచోటే గంటలకొద్దీ నడిచిన ఇంజిన్ ఎంత అరిగిందో ఆ అంకెకు తెలీదు.

అసలు భయపడాల్సింది గేర్‌బాక్స్ గురించి. పరుపు, ట్యాంకు నిండా నీళ్లు, సిలిండర్, ఎనిమిదిమంది, వాళ్ల సామాను... ఈ బరువుతో శ్రీశైలం బయల్దేరారనుకోండి. దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగే మలుపుల్లో డ్రైవరు బ్రేకులమీదే ఆధారపడితే అవి కాలిపోతాయి. రెండో గేరులో పెట్టి ఇంజిన్‌తోనే బండిని పట్టి ఉంచాలి. సరిగ్గా అప్పుడే గేరు ఎగిరి న్యూట్రల్‌లో పడితే? అందుకే టెస్ట్‌డ్రైవ్‌లో ఖాళీ సర్వీసు రోడ్డుమీద రెండులో, మూడులో యాక్సిలేటర్ తొక్కి ఒక్కసారిగా వదలండి. గేరు రాడ్ తనంతట తాను వెనక్కొస్తే ఆ బండిని అక్కడే వదిలేయండి, ధర ఎంత తగ్గించినా సరే. మూడు నుంచి రెండుకు మారుస్తుంటే కరకరమందా, లోపల సింక్రో రింగులు అరిగినట్టు. బేరమాడొచ్చు.

క్లచ్ సంగతి తేల్చడానికి చిన్న కిటుకు ఉంది. హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజిన్ ఆగిపోతే మంచిదే. ఆగకుండా గునుస్తూ తిరుగుతుంటే ప్లేట్లు జారుతున్నాయి. ఇది ఒక్కసారికి మించి చేయొద్దు.

బండి ఏ కంపెనీదన్నదీ ముఖ్యమే. 1987లో బజాజ్ టెంపో తెచ్చిన ట్రావెలర్ (2005లో ఆ కంపెనీయే ఫోర్స్ మోటార్స్ అయింది) విడిభాగాలు చిన్న పట్టణంలోనూ దొరుకుతాయి. దిగుమతి వ్యాను ఆదిలాబాద్ దారిలో ఆగిపోతే ఆ సౌకర్యం ఉండదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగ వడపోసే ఫిల్టర్ ఉంటుంది. ఊళ్లోనే చిన్నచిన్న దూరాలు తిరిగితే అది మసితో పూడుకుపోతుంది. వారానికోసారైనా హైవే ఎక్కించాలి.

ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండిమీద సరిచూసుకోండి. సీట్లు తీసి మార్చిన సంగతి ఆర్టీఏ రికార్డుల్లో ఎక్కిందో లేదో కూడా అడగండి.

ఇరవై కిలోమీటర్లు తిప్పి వచ్చాక ఇంజిన్ కింద, గేర్‌బాక్స్ కింద, వెనక హౌసింగ్ కింద పాత పేపర్లు పరిచి, ఓ టీ తాగి రండి. పేపరుమీద ఎక్కడ ఎన్ని చుక్కలు పడ్డాయో చూశాకే ధర మాట్లాడండి.