సంపాదకుని మాట: పలకని వీణ

బొబ్బిలి పక్కనే గొల్లపల్లి. పనస దుంగ మీద బాడిస చప్పుడు ఆ ఊరికి కొత్త కాదు. సర్వసిద్ధి కుటుంబాల వారు ఒకే దుంగను తొలిచి, కుండా దండీ విడదీయకుండా ఏకాండి వీణ చేస్తారు. ఉలి ఒక్క పిసరు ఎక్కువ దిగితే పడ్డ శ్రమంతా వృథా. ఇక 24 మెట్లను మైనం మీద కూర్చోబెట్టేటప్పుడు చెవే కొలబద్ద.

అంతటి చెవి ఉన్నవాళ్లు పలకని వీణలకు దిగారు! కచేరీ వీణ రోజూ అమ్ముడయ్యే సరుకు కాదు కదా. సభల్లో అతిథుల చేతికిచ్చే బుల్లి వీణలు చెక్కడం మొదలుపెట్టారు. “ఇది వీణా? బొమ్మ!” అని ముఖం చిట్లించిన వాళ్లలో నేనూ ఒకణ్ని. తప్పు నాదే. పెద్ద దుంగకు అలవాటుపడ్డ చేతికి జానెడు చెక్క మీద దండి చివరి యాళి ముఖాన్ని అలాగే తేవడం మరో విద్య.

చేయి తిరిగిన పని పక్కనపెట్టి కొత్తదానికి దిగే ఈ తెగువ రచయితకూ కావాలి. విజయనగరానికి చెందిన గురజాడ 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కా’న్ని 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. పేరొచ్చిన పుస్తకాన్ని మళ్లీ విప్పడానికి ఎంత గుండె కావాలి!

అలాంటి తెగువతోనే ఈ సంచికలో ఒక కవి తొలిసారి నాటిక రాశారు, ఒక కథకురాలు పాట కట్టారు. అక్కడక్కడా తడబాట్లున్నాయి. దిద్దకుండానే వేశాం.

భయపడి సగంలో ఆపేసిన రచన మీ అల్మారాలోనూ ఉండే ఉంటుంది. పూర్తిచేసి మాకు పంపండి.