మన కాగితాలు ఎవరి ఇంట్లో ఉన్నాయి?



పోస్టు కొంచెం పొడుగే. కానీ మన సర్టిఫికెట్ల గురించి కాబట్టి చివరిదాకా చదవండి.

మా హాస్టల్లో ఎవరికీ సొంత కంప్యూటర్ లేదు. ప్రాజెక్టు రిపోర్టయినా, స్కాలర్‌షిప్ లిస్టయినా ఫోన్లోనే, గూగుల్ డాక్స్‌లో, షీట్స్‌లో చేస్తాం. కులం సర్టిఫికెట్, ఆధార్, పాస్‌బుక్ అన్నీ డ్రైవ్‌లోనే. ఇంటికాడి పోడు పట్టా ఫొటో కూడా అందులోనే. ఇది మంచిదే. ఫోన్ వాగులో పడినా ఫైలు పోదు, పైసా ఖర్చు లేదు. వాడొద్దని మేం అనట్లేదు. దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు అంటున్నాం.

క్లౌడ్ అంటే ఎక్కడో ఉన్న ఒక కంపెనీ కంప్యూటర్లు, అంతే. తాళం చెవి మనకిచ్చినా ఇల్లు వాళ్లది. 2017 అక్టోబర్ 31న చాలామందికి గూగుల్ డాక్స్‌లో తమ ఫైళ్లే తెరుచుకోలేదు. రూల్స్ తప్పారని మెసేజ్ వచ్చింది. తర్వాత అది తమ వైపు పొరపాటేనని గూగులే చెప్పి సరిచేసింది. 2025 జూలైలో, గుజరాత్‌లో రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆపేసింది. కారణం యూరోపియన్ యూనియన్ పెట్టిన ఆంక్షలు. నయారా ఢిల్లీ హైకోర్టుకు పోయింది, ఆ తర్వాత సేవలు మళ్లీ వచ్చాయి. వాళ్లకు లాయర్లున్నారు. రేపు కౌన్సెలింగ్ అనగా మన డ్రైవ్ ఆగిపోతే మనం ఏ కోర్టుకు పోతాం?

ఇంతకన్నా దగ్గరి ప్రమాదం మన అలవాట్లలోనే ఉంది.

ఒకటి, లింకు. పేర్లు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఒకే షీట్‌లో పెట్టి "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని గ్రూపులో వేస్తున్నారు. ఆ లింకు ఎన్ని గ్రూపులు తిరుగుతుందో ఎవరికీ తెలీదు. "మన వివరాలు ఎవడికి కావాలి?" అంటారు కొందరు. "నీ స్కాలర్‌షిప్ ఆగింది, ఓటీపీ చెప్పు" అని ఫోన్ చేసేవాడికి కావాలి. వాడు మన పేరు, కాలేజీ, ఖాతా నంబరు తప్పులేకుండా చదివితే ఎవరైనా నమ్ముతారు.

రెండు, సిమ్ము. సెలవులకు సిగ్నల్ లేని గూడేనికి పోతాం, రీచార్జి మానేస్తాం. నంబరు రద్దయితే 90 రోజుల తర్వాత దాన్ని వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. అప్పుడు మన ఖాతా ఓటీపీ వాళ్లకు పోతుంది. గూగుల్ ఖాతాను రెండేళ్లు ముట్టుకోకపోతే దాన్ని తీసేసే హక్కు కూడా కంపెనీకి ఉంది.

మూడు, ఒకే మనిషి ఖాతా. గ్రామసభ తీర్మానాలు, మన భాష మాటల లిస్టులు ఊళ్లో చదువుకున్న ఒక్కడి మెయిల్‌లోనే ఉంటాయి. అతని పాస్‌వర్డ్ పోతే ఊరి కాగితాలన్నీ పోయినట్టే.

మన తాతలకు చదువు రాదు. అయినా పట్టా కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేవాళ్లు. చదువుకున్న మనం అంత జాగ్రత్త కూడా పడకపోతే ఎట్లా?

కాబట్టి ఈ ఆదివారం తలా ఒక గంట పెడదాం. ముఖ్యమైన ఫైళ్లు డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేద్దాం. ఒక్కొక్కరికి కొనే స్తోమత లేకపోతే రూముకొకటి కొని, ఎవరి ఫోల్డరుకు వాళ్లు పాస్‌వర్డ్ పెట్టుకుందాం. ఒక సెట్టు జిరాక్సు ఇంట్లో ఉంచుదాం. షీట్లలో లింకు ఆప్షన్ తీసేసి, కావాల్సినవాళ్ల మెయిల్ ఐడీకి మాత్రమే ఇద్దాం. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే గూగుల్ 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఓటీపీ రాకపోయినా వాటితో లోపలికి పోవచ్చు. వాటిని నోట్‌బుక్‌లో రాసుకుందాం. ఊరి కాగితాలు కనీసం ముగ్గురి దగ్గర ఉండేట్టు చూద్దాం.

సీనియర్లు మీ మీ హాస్టళ్లలో జూనియర్లను కూర్చోబెట్టి చేయించండి. అడవి మీద హక్కు అడిగే మనం మన కాగితాల మీద హక్కు కూడా మన చేతిలోనే ఉంచుకోవాలి.

జై ఆదివాసీ.