చివరి పూరీ ఎవరిది?

ఆదివారం పొద్దున్న ఏడున్నర అయ్యేసరికి మా ఇంట్లో ఒక మాట వినిపిస్తుంది. "ఇవాళ పూరీ, బంగాళాదుంప కూరేగా?" వినడానికి ప్రశ్నలాగే ఉంటుంది గానీ, అది ఆర్డరు. పదిహేడేళ్ళుగా ఆ ఆర్డరు తీసుకుంటున్నది నేనే.

ముందే చెప్పేస్తున్నాను, ఆ కూర మీద నాకేం కోపం లేదు. అరకిలో దుంపలు ఉడకబెట్టి, తొక్క తీసి, కొంచెం ముక్కలుగా, కొంచెం ముద్దగా చిదుముకోవాలి. ఆవాలు, జీలకర్ర, శనగపప్పు, మినప్పప్పు, కరివేపాకుతో పోపు వేసి అల్లం, పచ్చిమిర్చి, నిలువుగా తరిగిన ఉల్లిపాయలు వేయాలి. ఉల్లిపాయలు మెత్తబడాలి, ఎర్రబడకూడదు. పసుపు, ఉప్పు వేసి, నీళ్ళు పోసి, మరిగాక దుంపలు వేసి, చివర్లో రెండు చెంచాల శనగపిండి నీళ్ళలో కలిపి పోయాలి. దగ్గరపడ్డాక దించి నిమ్మకాయ పిండితే ఆ వాసనకి పక్కింటివాళ్ళు కూడా తొంగి చూస్తారు. అంత బాగుంటుంది. నా గొడవ కూరతో కాదు, అది తినే పద్ధతితో.

లెక్క చూడండి. మా వారికి ఆరు, అబ్బాయికి ఏడు, అమ్మాయికి నాలుగు, అత్తయ్యగారికి మూడు, నాకు మూడు. మొత్తం ఇరవైమూడు పూరీలు. ఒక్కోటి వత్తి వేయించడానికి నిమిషంన్నర వేసుకున్నా, పొయ్యి ముందే అరగంట పైన నిలబడాలి. పిండి కలపడం, ఉల్లిపాయలు తరగడం, కూర, ఆఖర్న నూనె మూకుడు తోమడం, అన్నీ కలిపితే రెండు గంటలు. "ఇంకోటి పొంగింది వేయి" అని హాల్లోంచి కేకలు వస్తూంటే పరిగెత్తి వడ్డించడం అదనం. చివరికి నా వంతు వచ్చేసరికి మిగిలేవి పొంగని పూరీలు, చల్లారి తోలులా సాగేవి. గిన్నె అడుగున దుంప ముక్క ఒక్కటీ ఉండదు, ఉల్లిపాయ పీచులు తప్ప. అవీ నిలబడే తింటాను.

ఇన్నాళ్ళూ ఇది నాకు తప్పనిపించలేదు. మొన్న ఒక ఆదివారం మా అమ్మాయి పళ్ళెంలో రెండు వేడి పూరీలు పెట్టుకుని వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నువ్వు తిను" అంది. నేనేమన్నానో తెలుసా? "ముందు అన్నయ్యకి పెట్టిరా. మనం తర్వాత తినొచ్చులే." ఆ 'మనం' అన్న మాట దగ్గర ఆగిపోయాను. పదేళ్ళ పిల్లని కూడా నాతోపాటు ఆ చివరి వరసలో నిలబెట్టేశాను. అచ్చం మా అమ్మ గొంతుతో.

ఆ రోజు నుంచి ఇంట్లో వాదనలే. మొదటిది: "నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా, మాకు ఆదివారం ఒక్కరోజే సెలవు." నిజమే, మీకు ఒక్కరోజు ఉంది. నాకు ఆ ఒక్కరోజూ లేదు, పైగా ఆ రోజు పని రెట్టింపు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనిలోనే గడుపుతున్నారని తేలింది. మగవాళ్ళకది 97 నిమిషాలు. అదీ ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళ లెక్క మాత్రమే. అసలు పెట్టనివాళ్ళు అందులో లేనేలేరు.

రెండోది: "మగవాళ్ళకి ఇవి రావు." రాకపోతే నలభీమపాకం అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? నలుడూ మగవాడే, భీముడూ మగవాడే. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర వందల పూరీలు వేసేవాళ్ళు ఎవరు? సందు చివర టిఫిన్ బండి నడిపేదెవరు? డబ్బులొచ్చే చోట వచ్చే చెయ్యి ఇంట్లో ఎందుకు రాదో మీరే చెప్పండి.

మూడోది: "ఎప్పట్నుంచో వస్తున్న పద్ధతి." ఎప్పట్నుంచి? అసలు బంగాళాదుంపే మనది కాదు. దక్షిణ అమెరికా కొండల్లో పుట్టి, సముద్రాలు దాటి, యూరోపు వాళ్ళతో మన దేశానికొచ్చింది. పచ్చిమిర్చీ అంతే. వచ్చినదాన్ని ఆలుగడ్డ అని ఒకరు, ఉర్లగడ్డ అని ఒకరు పేరు పెట్టుకుని మన చుట్టాన్ని చేసేసుకున్నాం. ఎక్కడో పుట్టిన దుంపకి వంటింట్లో చోటిచ్చినవాళ్ళం, ఇంటి ఆడదానికి కంచం ముందు చోటివ్వలేమా?

నాలుగోది అన్నిటికంటే తియ్యనిది: "నీ చేతి వంటే వేరు." ఈ ఒక్క మాటకి నేను చాలా ఏళ్ళు పడిపోయాను. ఇక్కడ మన తప్పూ ఉంది, ఒప్పుకోవాలి. మా వారు ఒకసారి వత్తడానికొస్తే "అబ్బ, ఆ వంకరలేంటండీ, మీరు లేవండి" అని లేపేసింది నేనే. వంటింటి తాళం మనమే కొంగుకి కట్టుకుని, ఎవరూ లోపలికి రావట్లేదని ఏడిస్తే ఎలా?

అందుకే మా ఇంట్లో ఇప్పుడు ఒకటే నియమం. అందరి పూరీలూ అయ్యాకే అందరం కూర్చోవాలి. పూరీలు తొందరగా కావాలనుకున్నవాళ్ళు వచ్చి చెయ్యి వేయాలి.

మొదటి ఆదివారం అత్తయ్యగారు మొహం చిట్లించారు. "చల్లారిన పూరీ ఎవరు తింటారే?"

"నలభై ఏళ్ళు మీరు తిన్నారు కదా అత్తయ్యా" అన్నాను. వెటకారంగా కాదు, నిజంగానే గుర్తొచ్చి.

ఆవిడ ఏమీ అనలేదు. కాసేపాగి పీట ముందుకి లాక్కుని పిండి ఉండలు చేయడం మొదలుపెట్టారు. మా వారు వత్తారు. సగం పూరీలు దేశపటాల్లా వచ్చాయి, నేను నోరు మూసుకున్నాను. అబ్బాయి దుంపల తొక్క తీశాడు, వేళ్ళు కాలి గంతులేశాడు, అయినా తీశాడు. అరగంట కాదు, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. పూరీలు కాస్త గోరువెచ్చగానే ఉన్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. నా పళ్ళెంలోకి మాత్రం మొదటిసారి కూరలో దుంప ముక్కలు వచ్చాయి.

మీ ఇంట్లో అది పూరీ కాకపోవచ్చు, దోసె అవ్వచ్చు, పెసరట్టు అవ్వచ్చు. చివరిది, చల్లారింది, మాడింది ఎవరి పళ్ళెంలోకి వస్తోందో ఈ ఆదివారం ఒక్కసారి చూడండి. మీ కూతురు కూడా చూస్తోంది. వచ్చే ఆదివారం ముందు ఒక కంచం ఎక్కువ పెట్టండి, అది మీది. ఆ తర్వాతే పొయ్యి వెలిగించండి.