అత్త మీద కోపం... కోచ్‌ మీద!

పుణే జట్టు హైదరాబాద్‌కు, హైదరాబాద్‌ జట్టు ఢిల్లీకి
బోర్డుల ఆటలో అభిమాని ఎప్పుడూ ప్రేక్షకుడే

జట్టు ఓడితే గ్యాలరీలోంచి మొదటి తిట్టు కోచ్‌కే. ఎవరిని ఆడించాలో తెలియదంటారు, ఎవరిని దించాలో తెలియదంటారు. నాలుగు మ్యాచ్‌లు వరుసగా పోతే ‘కోచ్‌ దిగిపోవాల’ంటూ అట్టముక్కలు లేస్తాయి. బోర్డు కూడా కాదనదు. కోచ్‌ను పంపించేసి చేతులు దులుపుకుంటుంది. మళ్లీ ఓడితే మళ్లీ కొత్త కోచ్‌. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. హైదరాబాద్‌ ఎఫ్‌సీ కథ చూస్తే ఆ సంగతి తేటతెల్లమవుతుంది.

మూడేళ్ల ముచ్చట

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్‌ కొత్తేమీ కాదు. సిటీ పోలీస్‌ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్‌ కప్‌ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన ఎస్‌.ఎ.రహీం కోచ్‌గా ఉండగానే భారత్‌ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చుకుంది. అలాంటి ఊరికి ఇండియన్‌ సూపర్‌ లీగ్‌ జట్టు దక్కింది మాత్రం 2019లోనే.

తొలి సీజన్‌లో హైదరాబాద్‌ ఎఫ్‌సీది అట్టడుగు స్థానం. సీజన్‌ మధ్యలోనే కోచ్‌ ఫిల్‌ బ్రౌన్‌ను సాగనంపారు. 2020లో స్పెయిన్‌ నుంచి మనోలో మార్కెజ్‌ వచ్చాక దశ తిరిగింది. కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో గెలిచి కప్పు కొట్టారు. మరుసటి ఏడాది లీగ్‌లో రెండో స్థానం.

తర్వాతే అసలు కథ. 2023లో మార్కెజ్‌ గోవా జట్టుకు వెళ్లిపోయాడు. జీతాల బకాయిలు పేరుకుపోయాయి. కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. సీజన్‌ మధ్యలో విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు, స్వదేశీయులూ అదే దారి పట్టారు. మిగిలిన కుర్రాళ్లతో థాంగ్‌బోయ్‌ సింగ్టో జట్టును నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌లకు గెలిచింది ఒక్కటే! జీతాలు రాని జట్టును ఏ కోచ్‌ మాత్రం గెలిపించగలడు?

2024లో యాజమాన్యం చేతులు మారింది. క్లబ్‌ బి.సి.జిందాల్‌ గ్రూపు పరమైంది. సీజన్‌ ముంగిట హడావుడిగా జట్టును కూర్చారు. ఫలితాలు రాలేదు. డిసెంబరులో సింగ్టోకు ఉద్వాసన పలికారు. అయినా 13 జట్లలో 12వ స్థానమే మిగిలింది. అంటే కోచ్‌ మారాడు, యజమాని మారాడు, పట్టికలో చోటు మాత్రం పెద్దగా మారలేదు. చివరికి 2025లో ఊరే మారిపోయింది. జట్టు స్పోర్టింగ్‌ క్లబ్‌ ఢిల్లీ పేరుతో రాజధానికి తరలిపోయింది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెండాలు ఊపిన కుర్రాళ్లను అడిగినవారు లేరు.

మన ఊరికి వచ్చిందంటే...

ఇందులో ఇంకో మెలిక ఉంది. పుణేలో స్థిరపడ్డ తెలుగువారికి ఇది బాగా తెలుసు. 2019లో హైదరాబాద్‌కు వచ్చిన ఆ చోటు అంతకుముందు ఎఫ్‌సీ పుణే సిటీది. డబ్బు ఇబ్బందులతో ఆ క్లబ్‌ మూతపడింది. బాలేవాడి స్టేడియానికి వెళ్లే అభిమానులు ఉసూరుమన్నారు. హైదరాబాద్‌ మాత్రం సంబరం చేసుకుంది.

అదే ఏడాది ఢిల్లీ డైనమోస్‌ జట్టు భువనేశ్వర్‌ చేరి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఢిల్లీవాళ్లు పోగొట్టుకున్నది ఒడిశాకు, పుణే పోగొట్టుకున్నది హైదరాబాద్‌కు, హైదరాబాద్‌ పోగొట్టుకున్నది మళ్లీ ఢిల్లీకి! ఒక ఊరి పండగ ఇంకో ఊరి ఏడుపు. కలింగ స్టేడియంలో ఈలలు వేసే మనవాళ్లయినా, బెంగళూరు కంఠీరవలో, చెన్నై నెహ్రూ స్టేడియంలో గొంతు చించుకునే మనవాళ్లయినా దీన్ని పక్కింటి గొడవ అనుకోవడానికి లేదు. 2025 ఆగస్టులో లీగ్‌ హక్కుల ఒప్పందం తేలక, బెంగళూరు జట్టు జీతాలు ఆపేసింది. చెన్నయిన్‌, ఒడిశా కార్యకలాపాలు నిలిపేశాయి. అప్పుడు ఏ కోచ్‌ను తిట్టాలి?

సిడ్నీలో ఏం చేశారు?

కోచ్‌ను, బోర్డును తిట్టుకోవడం ఒక్క మన దేశంలోనే లేదు. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్‌ అంటే పడిచస్తారు. పదమూడు మంది ఆడే రగ్బీ అది. 1908 నాటి సౌత్‌ సిడ్నీ క్లబ్‌ను 1999 చివర్లో లీగ్‌ నుంచి తీసేశారు. జట్ల సంఖ్య 14కు తగ్గించాలన్నది లీగ్‌ వాదన. అభిమానులు ఇంట్లో కూర్చోలేదు. 2000 నవంబరులో దాదాపు 80 వేల మంది సిడ్నీ వీధుల్లోకి వచ్చారు. క్లబ్‌ కోర్టుకెక్కింది. 2001లో తీర్పు అనుకూలంగా వచ్చింది, 2002లో జట్టు మళ్లీ మైదానంలో దిగింది.

తిరిగొచ్చాక గెలుపులు వెల్లువెత్తాయా అంటే అదీ లేదు. 2003, 2004, 2006లలో చిట్టచివరి స్థానమే. అక్కడా కోచ్‌లపై రుసరుసలు తప్పలేదు. కానీ తేడా ఒకటుంది. 2006లో క్లబ్‌లో 75 శాతం వాటాను నటుడు రసెల్‌ క్రో, ఆయన భాగస్వామికి అమ్మాలా వద్దా అన్నది తేల్చింది సభ్యుల ఓటే. మిగతా 25 శాతం సభ్యుల దగ్గరే ఉంది. 2014లో, 43 ఏళ్ల తర్వాత, కప్పు వచ్చింది.

ఓటు లేని చోట అరుపే

సౌత్‌ సిడ్నీ అభిమానికి సభ్యత్వం ఉంది, ఓటు ఉంది. హైదరాబాద్‌ అభిమానికి ఉన్నది టికెట్టు ముక్క, జెర్సీ. అందుకే ఇక్కడ కోపమంతా కళ్లెదుట కనిపించే కోచ్‌ మీదికే పోతుంది. బోర్డుకూ అదే కావాలి. కోచ్‌ను తీసేస్తే నాలుగు రోజులు గోల సద్దుమణుగుతుంది. ఖాతా పుస్తకాల జోలికి ఎవరూ రారు.

అభిమాన సంఘాలు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆటగాళ్ల జీతాలకు సీజన్‌ మొదలుకాకముందే పూచీ ఉందా? జట్టును తరలించే ముందు ఊరివాళ్లకు ముందుగా చెప్పాలన్న నిబంధన ఉందా? బోర్డులో అభిమానుల తరఫున ఒక్క కుర్చీ అయినా వేస్తారా? జర్మనీలో చాలా క్లబ్‌ల ఓట్లలో సగానికి మించి సభ్యుల చేతిలోనే ఉంటాయి. అంత దూరం ఇప్పుడే పోలేకపోయినా, మొదటి రెండు ప్రశ్నలకు పెద్ద ఖర్చేమీ లేదు.

ఈ ప్రశ్నలు జట్టు గెలుస్తున్నప్పుడే అడగాలి. 2022లో కప్పు ఎత్తిన రోజు హైదరాబాద్‌లో ఎవరూ లెక్కలు అడగలేదు. మూడున్నరేళ్లు తిరిగేసరికి అడుగుదామన్నా జట్టు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పరిస్థితి రేపు బెంగళూరుకో, చెన్నైకో, భువనేశ్వర్‌కో రాకూడదంటే గ్యాలరీలో కేకలు ఇకనైనా కోచ్‌ను దాటి బోర్డు గది దాకా వినపడాలి.